పదిహేను డాలర్లలోపు వేసవి

ఆగస్టు 4, సోమవారం

వెనక గదిలో నలభై మూడు సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. కంపెనీల ఏజెంట్లు రుచి చూడమని ఇచ్చి పోయినవి. వీటిలోంచి పన్నెండు ఏరాలి. ఏదీ పదిహేను డాలర్లు దాటకూడదు. ఆగస్టు ఆఖరి శనివారం పొద్దున్నే అవి షాపు ముందు బల్ల మీద ఉండాలి, ఒక్కోదాని మెడకి ఒక చీటీతో.

ఇరవై రెండేళ్లుగా ఈ పని మా చెల్లెలు గ్వెన్‌ది. నా పని బల్ల తుడవడం, సీసాలు కాగితంలో చుట్టివ్వడం, "అవునండీ, ఈ ఏడు ఎండ కాస్త ఎక్కువే" అనడం. షాపు పేరు క్లాసెన్ సిస్టర్స్. బోర్డు మీద ఇప్పటికీ అలాగే ఉంది.

సరస్సు ఒడ్డున వేసవి కాటేజీల వాళ్లు ఈ బల్ల కోసం వేసవంతా ఎదురుచూస్తారు. సెప్టెంబర్ మొదటి సోమవారం, లేబర్ డే సెలవు దాటితే వాళ్లు పడవలు ఒడ్డుకి లాగేసి, నీళ్ల పైపులు ఖాళీ చేసి, ఊళ్లకి వెళ్లిపోతారు. ఆ ఆఖరి వారంలో తాగడానికి నాలుగు సీసాలు, ఇంటికి పట్టుకెళ్లడానికి ఎనిమిది. శీతాకాలంలో ఒక్కోటీ తీసి, సరస్సుని తలుచుకుంటారట.

గ్వెన్ విశ్రాంతి తీసుకుంటోంది. ఫిబ్రవరిలో జింక అడ్డొచ్చి కారు గోతిలోకి దూకినప్పటి నుంచీ మనిషి మారిపోయింది. మార్చిలో బ్రాంచ్‌పోర్ట్ వెళ్లిపోయి అక్కడ ఒక మొక్కల నర్సరీలో పనికి కుదిరింది. కుండీలు మోయడం విశ్రాంతి ఎలా అవుతుందో నాకు తెలియదు. నెలలో మొదటి ఆదివారం తనే ఫోన్ చేస్తుంది. నన్ను చెయ్యొద్దంది, రావొద్దంది. నిన్న చేసింది. ఏడు నిమిషాలు. నేను లెక్కపెట్టలేదు, ఫోనే చూపిస్తుంది.

ఈ నోటుబుక్కు సీసాల గురించి రాసుకోవడానికి. అంతకు మించి ఏం లేదు.

ఆగస్టు 6, బుధవారం

పోర్చుగల్ తెల్లది, పదకొండు డాలర్లు. పుల్లగా ఉంది. నాలుక మీద సన్నగా చిటపటలాడింది. బాగుంది.

దక్షిణాఫ్రికా తెల్లది, పదమూడు. ఇదీ పుల్లగానే ఉంది. చిటపటలాడలేదు. బాగుంది.

ఫ్రాన్సు దక్షిణాన సముద్రం పక్కది, పద్నాలుగు. బాగుంది.

ఇలా అయితే ఎలా? పోయినేడు ఆ పోర్చుగల్ దానికి గ్వెన్ రాసిన చీటీ నాకు గుర్తుంది. "కాళ్లు ఇంకా తడిగా ఉండగానే తాగండి." అంతే రాసింది. అరవై సీసాలు మధ్యాహ్నానికి ఖాళీ. జనం ఆ చీటీలు కూడా విప్పుకుని జేబులో పెట్టుకున్నారు.

ఉమ్మడానికి బకెట్ పెట్టుకున్నాను. గ్వెన్ ఎప్పుడూ పెట్టుకోలేదు. ఉమ్మితే మంచి వైన్‌ని అవమానించినట్టు అనేది.

ఆగస్టు 9, శనివారం

ఇవాళ తొమ్మిది చూశాను. ఏడింటికి "బాగుంది" అని రాశాను. మిగతా రెండింటికి "చాలా బాగుంది."

ఆగస్టు 10, ఆదివారం

పన్నెండింటికి షాపు తీసేసరికి ఓరిన్ టటిల్ గారు సంచినిండా మొక్కజొన్న పొత్తులతో గుమ్మంలో ఉన్నారు. మాకు రెండిళ్ల అవతల ఉంటారు. నలభై ఏళ్లు పడవలు బాగుచేశారు. ఇప్పుడు డెబ్బై తొమ్మిది. పొత్తులు పచ్చివే ఒలుచుకుని తింటారు, వేడిచేస్తే తీపి పారిపోతుందని. ఆయన్ని కూర్చోబెట్టి ఒక సీసా తీసి పోశాను.

"దీన్ని ఏమంటారు ఓరిన్ గారూ?"

"చల్లగా ఉందంటాను."

"అది ఫ్రిజ్ గొప్పదనం. వైన్ సంగతి చెప్పండి."

"అమ్మాయ్, నేను పడవల వాణ్ణి. కారుతోందా లేదా అన్నదొక్కటే నాకు తెలుసు." ఇంకో గుక్క తాగి కాసేపు ఆలోచించారు. "ఇది కారడం లేదు."

రెండోది పోశాను. పొత్తు కొరికి, తాగి, మళ్లీ కొరికారు.

"ఇది కారుతోంది. మొక్కజొన్న తీపి ముందు ఇది నీళ్లయిపోయింది."

నిజమే. నేను కూడా కొరికి చూశాను. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో ఆగి, "చిన్నమ్మాయి ఎలా ఉంది?" అన్నారు.

"బాగుంది. విశ్రాంతి తీసుకుంటోంది."

"ఇంకా అలాగే అంటున్నావా నువ్వు," అన్నారు.

ఈ ఏడు మొక్కజొన్న చాలా బాగుందన్నాను.

ఆగస్టు 13, బుధవారం

ఆరింటికి షాపు మూశాక మేం వెనక మెట్ల మీద కూర్చునేవాళ్లం. ఏడు మెట్లు. ఆఖరిది నీళ్లలోకి దిగుతుంది. ఆగస్టులో ఆ వేళకి ఎదుటి కొండ మీద ద్రాక్ష వరసలు, దువ్విన తలలో పాయల్లాగా, ఒక్కోటీ విడిగా కనిపిస్తాయి. టమాటాలు ముక్కలు కోసి ఉప్పు చల్లి పళ్లెంలో పెట్టేదాన్ని. గ్వెన్ సీసా తెచ్చేది. ఒక సీసా, అది కూడా పన్నెండు డాలర్లలోపుదే.

"ఖరీదైనది బాగుంటే అందులో వింతేముందక్కా? దానికి డబ్బు తీసుకున్నారు, అది దాని డ్యూటీ," అనేది. "పదకొండు డాలర్లది బాగుందనుకో, అది ఎవరో నీకు ఊరికే ఇచ్చినట్టు."

వాటిని ఎలా పట్టుకోవాలో కూడా చెప్పేది. పేరున్న ఊరిది కొనకూడదు, దాని పక్కూరిది వెతకాలి. అదే మట్టి, అదే ఎండ, మధ్యలో ఒక గోడ. పేరొక్కటే లేదు. నోరు తిరగని ద్రాక్ష పేరు ఉంటే ఇంకా మంచిది, జనం అడగడానికి సిగ్గుపడతారు కాబట్టి చవగ్గా ఉంటుంది. ఏజెంట్ల జాబితాలో ఆఖరి పేజీ నుంచి వెనక్కి చదివేది.

మొదటి గ్లాసులో ఇవన్నీ చెప్పేది. రెండో గ్లాసుకి నాన్నలాగా మాట్లాడేది. నాన్న జీవితమంతా పళ్లరసం ఫ్యాక్టరీకి ద్రాక్ష పండించాడు, ఒక్క చుక్క తాగలేదు. కూతుళ్లు వైన్ షాపు పెట్టారని తెలిసి "ద్రాక్షని పాడుచేసి అమ్ముతున్నారు" అన్నాడు. ఆ గొంతు, ఆ దగ్గు, అచ్చంగా ఆయనే. మూడో గ్లాసుకి ఆ రోజు షాపుకి వచ్చిన వాళ్లందరూ ఆమె నోట్లోంచి బయటికి వచ్చేవాళ్లు. నేను పళ్లెం పక్కన పెట్టి పొట్ట పట్టుకునేదాన్ని.

నేను పెళ్లి చేసుకోలేదు. ఇద్దరు అడిగారు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ కలిసినా గ్వెన్‌లో సగం సరదా లేదు.

ఇవాళ కూడా మెట్ల మీద కూర్చున్నాను. టమాటా కోశాను. పది నిమిషాలకి లోపలికి వచ్చేశాను, దోమలు.

ఆగస్టు 14, గురువారం

నిన్న ఒక సీసా అని రాశాను. శనివారాలు రెండు.

ఆగస్టు 17, ఆదివారం

గ్వెన్ రుచుల పుస్తకం ఆమె గదిలో దొరికింది. అందులో చూసి రాసుకుంటే పని తేలికవుతుందనుకున్నాను. పాత పేజీలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక ఇటలీ ఎర్రదానికి: "బ్లాక్‌బెర్రీలు కోసేటప్పుడు ముల్లు గీసుకున్న వేలు చీకినట్టు." ఒక పింక్ వైన్‌కి: "పెద్దగా చెప్పడానికేం లేదు, అదే దీని అందం. బార్బెక్యూ పొగలో నిలబడి తాగాలి."

పోయిన రెండేళ్ల పేజీలు చదవడానికి రావడం లేదు. పైన మూడు లైన్లు బాగుంటాయి. నాలుగో లైన్ నుంచి అక్షరాలు వాలిపోతాయి. ఐదోది పేజీ చివరికి జారిపోతుంది. పెన్ను మంచిది కాదు. ఆ నీలం పెన్నులు ఒక కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చినవి, నేను అప్పుడే పారెయ్యమన్నాను.

పుస్తకం వెనక, బీరువాలో, ఇంకొన్ని ఉన్నాయి. ఖాళీ సీసాలు. తీసి రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. నాలుగుసార్లు కిందకీ పైకీ తిరిగాను.

ఆగస్టు 20, బుధవారం

ఎనిమిది తేలాయి. నాలుగు తేలడం లేదు. నాలుక మొద్దుబారిపోయింది, ఏది తాగినా ఫ్రిజ్ రుచే.

ఇంక పది రోజులే ఉంది. ఇది వ్యాపారం. వ్యాపారంలో తెలిసినవాళ్లని అడగడంలో తప్పేముంది? రేపు గురువారం, మధ్యాహ్నం బేరాలు తక్కువ. ఆ నాలుగూ ఐసు డబ్బాలో పెట్టుకుని బ్రాంచ్‌పోర్ట్ వెళ్లి వస్తాను. పట్టుమని అరగంట దారి కూడా కాదు. ఆమె తాగక్కర్లేదు. వాసన చూసి చెబితే చాలు. ఆమె ముక్కుకి పనిలేక ఆరు నెలలైంది, ఆమెకి మాత్రం ఉండదూ, ఒకసారి చూడాలని?

నీలం బ్లౌజు ఇస్త్రీ చేశాను.

ఆగస్టు 21, గురువారం

వెళ్లాను. పనిలో ఉంది. వచ్చేశాను.

ఆగస్టు 22, శుక్రవారం

వాన. బేరాల్లేవు.

ఆగస్టు 23, శనివారం

రాయకుండా ఉంటే జరగనట్టు అయిపోదు. రాస్తాను.

నర్సరీ వెనక షెడ్డులో ఉంది. శరత్కాలానికి అమ్మే చేమంతుల్ని చిన్న కుండీల్లోంచి పెద్ద కుండీల్లోకి మారుస్తోంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఒళ్లు చేసింది. మెడ ఎండకి ఎర్రగా కమిలింది. గోళ్లనిండా మట్టి. ముక్కు పాడవుతుందని వాసన సబ్బు కూడా వాడని మనిషి, దగ్గరికి వెళ్తే పెంట వాసన వచ్చింది. నాకు ఆ వాసన కూడా హాయిగా అనిపించింది, ఆమెదే కాబట్టి.

"రావొద్దన్నాను కదక్కా," అంది. కోపంగా కాదు.

"పని మీద వచ్చానే. బల్ల పని. ఎనిమిది ఏరాను, నాలుగు తేలడం లేదు."

"ఏం తేలడం లేదు?"

"బాగున్నాయో లేదో."

నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. కారు దగ్గరికి తీసుకెళ్లి వెనక తలుపు తీశాను. ఐసు డబ్బా మూత మీద తువ్వాలు కప్పి ఉంది. ఎప్పుడు జారిందో, కింద గ్లాసులు కనిపిస్తున్నాయి.

"నువ్వు తాగక్కర్లేదు. నోట్లో పోసుకుని ఉమ్మెయ్. అదీ వద్దంటే వాసన చూసి చెప్పు, చాలు."

ఆమె గ్లాసుల వంకే చూస్తోంది.

"రెండు తెచ్చావు," అంది.

"మన గ్లాసులే."

"నా ఒక్కదానికే అయితే ఒకటి చాలు కదా?"

జారిన తువ్వాలు మళ్లీ గ్లాసుల మీదికి లాగాను. షెడ్డులో ఎక్కడో పైపులోంచి నీళ్లు కారుతున్నాయి.

"అక్కా, ఫిబ్రవరిలో ఏమైంది?"

"జింక అడ్డొచ్చింది."

"జింక లేదు."

"నువ్వే కదే పోలీసాయనతో..."

"నేనేం చెప్పలేదు. నువ్వు చెప్పావు. నేను నోరు తెరిచే స్థితిలో లేను, నువ్వు నా నోట్లో పిప్పరమెంటు బిళ్ల పెట్టావు. రోడ్డు పొడిగా ఉంది. మంచు లేదు. జింక లేదక్కా."

ఎండ నెత్తి మీద ఉంది. ఆమె ఎప్పుడూ నాతో అంత మెల్లగా మాట్లాడలేదు.

"ఇవాళ్టికి నూట యాభై ఏడు రోజులు," అంది.

"దేనికి?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది. దేనికో నాకు తెలుసు.

ఆమె చేతులకి మట్టి ఉందని తుంటితో నెట్టి కారు తలుపు మూసింది. "ఎనిమిదితో పెట్టుకో. ఆరుతో పెట్టుకో. పన్నెండే ఉండాలని ఎవరూ శాసనం చెయ్యలేదు. నువ్వు నాలుగు సీసాల కోసం రాలేదు."

"మరి దేనికొచ్చాను?"

ఆమె కారుకి దూరంగా రెండడుగులు జరిగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వెళ్లు. నేను లోపలికెళ్లి ఒకావిడకి ఫోన్ చేసుకోవాలి. అర్జెంటుగా చేసుకోవాలి. నువ్విక్కడుంటే చెయ్యలేను. వెళ్లక్కా, నీకు దణ్ణం పెడతాను."

దారిలో ఒకచోట కారు ఆపి ఆ నాలుగు సీసాలూ గడ్డిలో ఒంపేశాను. పద్నాలుగు డాలర్ల పింక్ వైన్ నేల మీద నీళ్లలాగే ఇంకిపోయింది.

ఆగస్టు 24, ఆదివారం

ఒక సీసా అని రాశాను. తర్వాత శనివారాలు రెండు అని రాశాను. రోజూ రెండు. నేను ఒకటిన్నర గ్లాసు తాగేదాన్ని. మిగతాది ఎక్కడికి వెళ్లేదో కూడికలు తీసివేతలు వచ్చిన వాళ్లెవరికైనా తెలుస్తుంది. నాకు షాపు నడిపేటన్ని కూడికలు వచ్చు.

పోసేది నేను.

గ్లాసు ఖాళీ అయితే ఆమె లేచి లోపలికి వెళ్లి పడుకునేది. ఖాళీ కానివ్వకపోతే కూర్చునేది. అంతే, ఇంత చిన్న విషయం. ఇంకో అరగంట నాన్నలా దగ్గుతుంది, ఇంకో అరగంట నన్ను నవ్విస్తుంది. పగలంతా బిల్లులు, అట్టపెట్టెలు, మోకాళ్ల నొప్పి. ఆ గంటన్నర కోసమే నేను పొద్దున లేచేదాన్ని.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం, ఇలాంటి ఆగస్టులోనే, గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "చాలక్కా ఇవాళ్టికి," అంది. నేను నవ్వుతూ ఆ వేళ్లు ఒక్కొక్కటీ పక్కకి తీశాను. చిటికెన వేలు, ఉంగరం వేలు. చిన్నపిల్లలతో ఆడుకున్నట్టు. ఆమె కూడా నవ్వింది. నేను పోశాను.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆగస్టు 25, సోమవారం

ఏమీ రుచి చూడలేదు.

ఆగస్టు 27, బుధవారం

మూడు రోజుల్లో బల్ల పెట్టాలి. పెట్టకుండా ఉండిపోదామా అనిపించింది. ఓరిన్ గారితో అన్నాను. ఆయన పెర్చ్ చేపలు పట్టుకొచ్చారు, పొద్దున పట్టినవి. వెనక వంటగదిలో పిండి అద్ది వెన్నలో వేయించాను.

"షాపు మూసేస్తే సరిపోతుందేమో," అన్నాను.

"మూసేస్తే నాకు పెర్చ్‌లోకి ఏం దొరుకుతుంది? పాలు తాగనా?"

"నవ్వులాట కాదండీ. నేను అమ్మేది అదే కదా."

ఆయన ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టారు. "నేనొక సీసా కొంటే వారం వస్తుంది. మా తమ్ముడు కొంటే మధ్యాహ్నం దాకా రాదు. ఒకే అమ్మ పిల్లలం, ఒకే పడవ మీద తిరిగాం. ఎందుకలా అంటే నాకు తెలీదు. వాడికి నేనెప్పుడూ పొయ్యలేదు, అదొక్కటే నాకు తెలుసు. ఊరికే అంటున్నానమ్మాయ్, నిన్ను కాదు."

నన్నే. ఆయన అంతా చూశారు, రెండిళ్ల అవతల నుంచి మా మెట్లు కనిపిస్తాయి.

తర్వాత పని చేశాం. ఒక్కోటీ చేపతో, టమాటాతో, మొక్కజొన్నతో. నేను నోట్లో పోసుకుని, ఉమ్మి, గ్వెన్ అయితే ఏమనేదో అని ఆలోచించకుండా, ఇది మళ్లీ తాగబుద్ధవుతోందా అని మాత్రం నన్ను నేను అడిగాను. ఎనిమిదిలో మూడు పోయాయి. పక్కన పెట్టిన వాటిలోంచి నాలుగు వచ్చాయి. ఒక గ్రీసు తెల్లది, దాని పేరు ఇద్దరికీ నోరు తిరగలేదు, పన్నెండు డాలర్లు, నిమ్మకాయ పిండినట్టు చేపని లేపి నిలబెట్టింది. స్పెయిన్‌ది ఒక పల్చటి ఎర్రది, ఫ్రిజ్‌లో అరగంట పెడితే మనిషే మారిపోయింది. మన సరస్సు ఒడ్డున పండిన రీస్లింగ్ ద్రాక్షది, తెల్లది ఒకటి, సరిగ్గా పదిహేను, తీపి లేనిది.

మొత్తం తొమ్మిది. ఇంక ఏవీ నచ్చలేదు. తొమ్మిదే పెడతాను.

ఆగస్టు 30, శనివారం

పొద్దున్నే జనం. మొదట వచ్చింది గుడ్‌ఇయర్ గారమ్మాయి, పెద్ద కాటేజీ వాళ్లు. బల్ల మీద రకాలు లెక్కపెట్టింది.

"తొమ్మిదే ఉన్నాయేంటి ఈసారి?"

"తొమ్మిదే బాగున్నాయమ్మా."

"పోయినేడు పన్నెండూ బాగున్నాయి కదా?"

"పోయినేడు ఏరింది మా చెల్లెలు. ఈసారి నేను."

ఆమె ఒక చీటీ చదివింది. నేను రాసినవి అన్నీ ఇలాంటివే: "పుల్లగా ఉంటుంది. బాగా చల్లగా తాగాలి. వేయించిన చేపతో బాగుంది. ఉత్తినే తాగితే అంత బాగోదు."

"మీ చెల్లెలు రాసినవి చదివితే ఏడుపొచ్చేది," అంది. "కానీ ఏది కొనాలో ఎప్పుడూ తెలిసేది కాదు. ఇవి అర్థమవుతున్నాయి. గ్రీసుది ఆరివ్వండి." కాగితంలో చుడుతుంటే మెల్లగా అడిగింది, "ఆవిడ రావడం లేదా ఇవాళ?"

విశ్రాంతి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తాగుడు మానేసింది," అన్నాను. "అందుకే ఇక్కడికి రాదు. ఇక రాదు."

నా వెనక ఎవరో సీసా మెల్లగా బల్ల మీద పెట్టిన చప్పుడైంది. గుడ్‌ఇయర్ అమ్మాయి నా చేతి మీద చెయ్యి వేసి, ఆరు సీసాలూ తీసుకుని వెళ్లింది. నాలుగింటికల్లా బల్ల దాదాపు ఖాళీ. ఎర్రది మాత్రం కొంత మిగిలింది. చల్లబరిచి తాగమంటే మగవాళ్లు నమ్మలేదు.

సెప్టెంబర్ 1, సోమవారం

లేబర్ డే. మధ్యాహ్నం నుంచి కార్లు వరసగా వెళ్లిపోతూ, షాపు ముందు ఒకసారి హారన్ కొట్టి పోతున్నాయి. ప్రతి ఏడూ మేమిద్దరం గుమ్మంలో నిలబడి చేతులు ఊపేవాళ్లం. ఊపాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

గ్వెన్ ఫోన్ చెయ్యదనుకున్నాను. రెండింటికి చేసింది.

"నేనే పోసేదాన్ని," అన్నాను, బాగున్నావా అని కూడా అనకుండా.

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది.

"తెలుసు," అంది. "కానీ తాగింది నేను. నువ్వు పొయ్యకపోతే లేచి నేనే పోసుకునేదాన్ని. పోసుకున్నాను కూడా, నువ్వు పడుకున్నాక. అంతా నీ మీద వేసుకుని గొప్పదానివైపోకు."

"ఆ రోజు నువ్వు చెయ్యి అడ్డం పెడితే..."

"గుర్తుంది."

"నీకు కోపం లేదా నా మీద?"

"ఉందక్కా. చాలా ఉంది. ఆ రోజు నువ్వు గ్లాసులు పట్టుకొచ్చాక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాకన్నా ముందు తాగుడు మానేసిన ఆవిడకి మాత్రం రోజుకి రెండుసార్లు ఫోన్ చేసుకున్నాను." ఊపిరి పీల్చుకుంది. "తాగలేదులే. భయపడకు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమె ఆపమనలేదు.

"మళ్లీ ఆ మెట్ల మీద కూర్చోలేను. అలా మళ్లీ జరుగుతుందని నువ్వు అనుకోవద్దు. ఒట్టి నీళ్లు తాగుతూ కూడా కూర్చోలేను," అంది.

"అనుకోను."

"అనుకుంటావు. అనుకో, కానీ అడక్కు."

"అడగను."

"వచ్చే ఆదివారం చేమంతుల లోడు వస్తుంది. దించడానికి మనుషులు చాలరు. కారు ఖాళీగా వేసుకుని రా. పాత బట్టలు కట్టుకో, ఆ నీలం బ్లౌజు కాదు."

పందొమ్మిది నిమిషాలు. లెక్కపెట్టాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

మూడింటికి వెళ్లాను. లారీ అప్పటికే వచ్చి ఉంది. రెండు వందల కుండీలు. ఆమె పైనుంచి అందిస్తే నేను కింద అందుకుని వరసలు పేర్చాను. పసుపు ఒకవైపు, కుంకుమ రంగువి ఒకవైపు. నడుం విరిగింది. మధ్యలో ఒకసారి "అది అటు కాదు, ఇటు," అంది. ఇంకోసారి "నీళ్లు తాగు," అంది. అంతకన్నా మాటలు లేవు.

పనయ్యాక షెడ్డు ముందు, బోర్లించిన రెండు డబ్బాల మీద కూర్చున్నాం. చిన్న బంగాళాదుంపలు ఉప్పునీళ్లలో ఉడికించి, వెన్న కరిగించి పోసి తెచ్చింది. వేళ్లతో తిన్నాం. లోయంతా పండిన ద్రాక్ష వాసన కమ్ముకుని ఉంది, ఈ రోజుల్లో ఎక్కడికి వెళ్లినా అదే. ఆమె మొహం పైకెత్తి కళ్లు మూసుకుంది.

"పై తోటల్లోవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి," అంది. "కిందవి పండిపోయాయి. ఇంకో పది రోజుల్లో కోస్తారు."

నాకు ఉత్త ద్రాక్ష వాసనే వచ్చింది.

ఎలా ఉంటోందో అడిగాను. పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుందంది. తీపి బాగా తినాలనిపిస్తుందంది. మొదటి రెండు నెలలూ ప్రపంచంలో ఎవరూ సరదాగా లేరనిపించిందట, తను కూడా. "ఇప్పుడూ అంతే," అంది. "నేను నిజంగా సరదా మనిషినేనా, లేక అదంతా సీసాదేనా అన్నది ఇంకా తేలలేదు. తేలకపోయినా నేనింతే అక్కా. సర్దుకోవాలి నువ్వు."

సర్దుకుంటానన్నాను.

నిజం ఏమిటంటే ఆ మెట్ల మీది గ్వెన్ కోసం నాకిప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఇవాళ పక్కన కూర్చుని కూడా కొట్టుకుంది. ఈ పొట్టి జుట్టావిడ తన దుంపల్లోంచి పెద్దవి ఏరి నా వైపు తోస్తోంది, నేనేమో ఇంకెవరి గొంతు కోసమో చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఇది ఆమెకి ఎప్పటికీ చెప్పను. ఇక్కడ మాత్రం రాసుకుంటున్నాను.

ఆమె ఒక్కసారి కూడా నన్ను నవ్వించలేదు. మూడింటికి వెళ్లినదాన్ని, షెడ్డులో లైట్లు వేసేదాకా కూర్చున్నాను.